రిమూవల్ ఫ్రీ అన్న బోర్డు చూస్తే

"కొత్త సెట్ వేయించుకుంటే పాతది తీయడం ఫ్రీ." సెట్ అంటే పది వేళ్లకీ వేసే కృత్రిమ గోళ్లు. నెయిల్ స్టూడియోల ఇన్‌స్టాగ్రామ్ పేజీల్లో, మాల్స్‌లోని చిన్న చిన్న కౌంటర్ల మీద ఈ మాట మామూలైపోయింది. పెళ్లిళ్ల సీజన్‌లో మరీను. చూసినవాళ్లకు కలిసొచ్చే బేరంలా అనిపిస్తుంది. పని తెలిసినవాళ్లకు మాత్రం వేరే లెక్క తడుతుంది. పది వేళ్ల యాక్రిలిక్‌ని, అంటే గోళ్ల మీద వేసి గట్టిపరిచే ప్లాస్టిక్ పూతని, పద్ధతిగా తీయడానికి ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. పైసా రాని పనికి కుర్చీని గంటసేపు ఎవరు అప్పగిస్తారు? గంట పనిని పది నిమిషాల్లో తెమల్చాలంటే ఉన్న దారి ఒకటే, పీకడం.

"యాక్రిలిక్ పెట్టించుకున్నాక నా గోళ్లు కాగితాల్లా అయిపోయాయి" అని చాలామంది అంటారు. ఆ మాట అబద్ధం కాదు. కానీ తప్పు ఎక్కడ జరిగిందో ఆరా తీస్తే చాలాసార్లు కథ చివరి పది నిమిషాల దగ్గరే తేలుతుంది. పక్కన కాస్త లేచిన అంచు కింద పుషర్ (గోటి చుట్టూ చర్మాన్ని నెట్టే చిన్న పనిముట్టు) దూర్చి లేపడం, లేదా డ్రిల్‌తో, అంటే అరగదీసే మెషీన్‌తో, సొంత గోరు కనిపించేదాకా గీకడం. ఆనక కస్టమర్ చెయ్యి పట్టుకుని "మీ గోళ్లే వీక్ మేడమ్" అని ఒక మాట, దాంతోపాటు గోళ్లు గట్టిపడే సీరం ఒకటి. నా అభిప్రాయం సూటిగా ఇది: యాక్రిలిక్ తీయడం దానంతట అది ఒక సేవ. దానికి విడిగా సమయం, విడిగా ధర ఉండాలి. అవి లేని చోట ఎంత మంచి పౌడర్ వాడినా, ఎంత మంచి చేయి ఉన్నా గోళ్లు పాడవుతాయి.

గోరు మందం ఎంత?

చేతి గోరు సుమారు అర మిల్లీమీటరు మందం ఉంటుంది. అందులోనే ఒకదాని మీద ఒకటి అతుక్కున్న కెరటిన్ (గోరు తయారయ్యే ప్రొటీన్) పొరలు పదుల సంఖ్యలో ఉంటాయి. యాక్రిలిక్ అతుక్కునేది పైపొరకే, కానీ గట్టిగా అతుక్కుంటుంది. బలవంతంగా లేపితే యాక్రిలిక్‌కీ గోరుకీ మధ్య పట్టు విడిపోదు. దానికంటే బలహీనమైన చోటు గోటి పొరల మధ్యే ఉంది కాబట్టి అక్కడే చీలుతుంది. ఊడొచ్చిన ముక్కని తిప్పి చూడండి, అడుగున తెల్లటి పల్చటి పెచ్చు అంటుకుని కనిపిస్తుంది. అది యాక్రిలిక్ కాదు, గోరు.

గోరు నెలకి సుమారు 3 మి.మీ. పెరుగుతుంది. అంటే మొదలు దగ్గర పోయిన పొర అంచుదాకా వచ్చి కత్తిరింపులో పోవాలంటే దాదాపు ఆరు నెలలు. ఈలోగా ఏ నూనె రాసినా, ఏ మాత్ర మింగినా పోయిన పొర తిరిగి రాదు. గోరు బతికున్న కణజాలం కాదు, గాయం మానినట్టు మానదు. మొదలు నుంచి కొత్తది రావాల్సిందే. "గోళ్లకి గాలి తగలాలి, నెల గ్యాప్ ఇవ్వండి" అనే సలహా కూడా ఇక్కడే చిక్కుల్లో పడుతుంది. గోరు ఊపిరి పీల్చదు. దాని మొదలుకి కావలసిన ప్రాణవాయువు రక్తం ద్వారా అందుతుంది. పల్చబడిన గోరుకి విరామం ఇవ్వడం మంచిదే, కానీ గాలి కోసం కాదు, బరువు మోసే శక్తి దానికి లేదు కాబట్టి.

మన ఇళ్లల్లో ఒక పరీక్ష తేలిగ్గా దొరుకుతుంది. ఆషాఢంలోనో పెళ్లికో గోరింటాకు పెట్టుకున్న గోళ్ల మీద ఆ తర్వాత యాక్రిలిక్ వేసి, కొన్ని వారాలకి తీస్తే, కింద ఎరుపు ఎంత సమంగా మిగిలిందో చూడండి. గోరింటాకు రంగు కెరటిన్‌లోకి దిగుతుంది, గోరు పెరిగి కత్తిరించేదాకా ఉంటుంది. వేసేటప్పుడు మెరుపు పోగొట్టడానికి చేసే తేలికపాటి ఫైలింగ్‌తో రంగు కాస్త తగ్గొచ్చు. కానీ మధ్యలో పాలిపోయిన మచ్చలు, మొదలు దగ్గర అర్ధచంద్రాకారపు గీత కనిపిస్తే అక్కడ గోరే అరిగిపోయిందన్నమాట.

ఉన్నది యాక్రిలిక్కేనా?

యాక్రిలిక్‌ని పద్ధతిగా తీయడమంటే ఎసిటోన్ అనే ద్రావకంలో తడిపిన దూది గోటి మీద పెట్టి, ఫాయిల్ చుట్టి నానబెట్టడం. ఆ ఫాయిల్ చుట్టే ముందు తేల్చాల్సింది గోటి మీద ఉన్న పదార్థం ఏమిటని. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో వేయించుకుని పెళ్లికని హైదరాబాద్ దిగిన అమ్మాయికి తన గోళ్ల మీద ఉన్నది యాక్రిలిక్కో, హార్డ్ జెల్లో, డిప్ పౌడరో చాలాసార్లు తెలియదు. ఎక్స్‌టెన్షన్స్ అంటుంది, అంతే. ఎసిటోన్‌కి మాత్రం ఆ తేడా బాగా తెలుసు.

మామూలు సెలూన్ యాక్రిలిక్ ఇథైల్ మెథాక్రిలేట్ ద్రవం, పాలిమర్ పొడి కలిసి గట్టిపడిన ప్లాస్టిక్. ఎసిటోన్ దాన్ని పూర్తిగా కరిగించదు, లోపలికి చొరబడి ఉబ్బించి మెత్తబరుస్తుంది. డిప్ పౌడర్‌కి పట్టునిచ్చేది సయనోయాక్రిలేట్ జిగురు, అది కూడా ఎసిటోన్‌కి లొంగుతుంది. జెల్ పాలిష్ పెచ్చులుగా లేస్తుంది. దీపం కింద గట్టిపరిచే హార్డ్ జెల్ మాత్రం లొంగదు. గంటసేపు నానబెట్టినా చర్మం ఎండిపోవడమే తప్ప ఒరిగేదేమీ ఉండదు. దాన్ని అరగదీసే తీయాలి.

పరీక్ష సులువే. ఒక వేలి మీద పై మెరుపు పొరని ఫైల్‌తో పోగొట్టి, అక్కడ ఎసిటోన్ తడిపిన చిన్న దూది ముక్క రెండు మూడు నిమిషాలు ఉంచాలి. తీశాక చెక్కపుల్లతో తాకితే యాక్రిలిక్ అయితే పైభాగం మసకబారి జిగటగా తగులుతుంది. హార్డ్ జెల్ అయితే ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. ఫైల్ చేస్తున్నప్పుడు ఘాటైన మోనోమర్ (యాక్రిలిక్ ద్రవం) వాసన వస్తే యాక్రిలిక్ అనడానికి అదీ ఒక ఆనవాలు.

ఇంకో రకం ఉంది, అసలు భయపడాల్సింది దానికి. మిథైల్ మెథాక్రిలేట్, అంటే ఎంఎంఏ. చౌక ద్రవం. గోటికి విపరీతంగా పట్టుకుంటుంది, రాయిలా గట్టిపడుతుంది, ఎసిటోన్‌కి సరిగా మెత్తబడదు. ఎక్కడైనా తగిలి దెబ్బ పడితే యాక్రిలిక్ విరగదు, దానికి బదులు సొంత గోరు చీలుతుంది. గోళ్లు దెబ్బతిన్నాయని ఫిర్యాదులు రావడంతో 1970ల మొదట్లో అమెరికాలో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కోర్టుకి వెళ్లి, నూటికి నూరు శాతం ఎంఎంఏ ఉన్న గోళ్ల ఉత్పత్తుల్ని మార్కెట్ నుంచి తీయించింది. అయినా చౌక సరుకు ఉన్నచోటల్లా దాని మీద అనుమానం ఉంటూనే ఉంది. ముప్పై నలభై నిమిషాలు బాగా నానినా మెత్తబడకపోతే రెండే అవకాశాలు: హార్డ్ జెల్ లేదా ఎంఎంఏ. రెండింటికీ చేయాల్సింది ఒకటే. పుషర్ పక్కన పెట్టి, పల్చగా అరగదీసి, చివరి పొరని గోటి మీదే వదిలేసి, పెరిగే కొద్దీ కత్తిరించుకోమని చెప్పడం. ఇలా సగం తీసి పంపితే పని రాదనుకుంటారేమోనని టెక్నీషియన్లు జంకుతారు. తెలిసినవాళ్లు నిర్భయంగా చేసే పని అది.

ఫాయిల్‌కి ముందు జరగాల్సింది

చాలా చోట్ల కొంప మునిగేది ఇక్కడే. కస్టమర్ కూర్చోగానే దూది, ఫాయిల్ తీస్తారు. గోటి మీద ఉన్న జెల్ టాప్ కోట్, అంటే పై మెరుపు పొర, ఎసిటోన్‌ని లోపలికి పోనివ్వదు. అరగంట తర్వాత విప్పితే ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. టైమ్ అయిపోయింది, బయట ఇంకో అపాయింట్‌మెంట్ కాచుకుని ఉంది. ఇక పుషర్ బయటికొస్తుంది. పీకడానికి కారణం దుర్బుద్ధి కానక్కర్లేదు, ముందు చేయాల్సిన పని చేయకపోవడం చాలు.

చేతులు సబ్బుతో కడిగించాక, వేలు వేలునా చూడాలి. ఆకుపచ్చగా మచ్చ ఉందా, ఎరుపు, వాపు, చీము ఉన్నాయా, గోరు కింది చర్మం నుంచి విడిపోయి తెల్లగా కనిపిస్తోందా, ఎక్కడైనా తెగి ఉందా. గోరుచుట్టు లేచిన వేలికి ఎసిటోన్ తగిలిస్తే అది అక్షరాలా గోరుచుట్టు మీద రోకటిపోటే. చీము గానీ వాపు గానీ ఉన్న వేలిని ముట్టుకోకుండా చర్మవైద్యుల దగ్గరికి పంపాలి. గోరు కింది నుంచి విడిపోయి ఉంటే ఎసిటోన్ ఆ ఖాళీలోకి దిగి మండుతుంది. ఆ వేలికి పొడవు తగ్గించి, పైన మెల్లగా అరగదీసి ఆపేయడం మేలు.

తర్వాత పొడవు. క్లిప్పర్‌తో ఒక్క కాటుకి కొరికితే ఆ ఒత్తిడి అంతా వెనక్కి తన్ని, గోరుని కింది చర్మం నుంచి లేపుతుంది. రెండు పక్కల నుంచి కొంచెం కొంచెంగా నొక్కి, చివరికి మధ్యలో కలపాలి. సొంత గోటి అంచు ఎక్కడుందో కింది నుంచి చూసుకుని, దానికి ఒకటి రెండు మిల్లీమీటర్లు వదిలి కత్తిరించాలి. రాళ్లు, చార్మ్స్ అతికించి ఉంటే ముందే తీసేయాలి.

ఇక మందం. 100 గ్రిట్ ఫైల్‌తో టాప్ కోట్, రంగు, యాక్రిలిక్‌లో సగానికి పైగా తీసేయాలి. మందం సగం చేస్తే నానే సమయం సగమే తగ్గుతుందనుకోవద్దు, ఇంకా ఎక్కువే తగ్గుతుంది. ఎసిటోన్ లోపలికి ఇంకే కొద్దీ దాని నడక నెమ్మదిస్తుంది కాబట్టి చివరి పొరలే ఎక్కువ సమయం తినేవి. అందుకే ఫైలింగ్ మీద పెట్టిన పది నిమిషాలు నానబెట్టడంలో ఇరవై నిమిషాలు మిగులుస్తాయి. సొంత గోటికి దగ్గర పడుతున్నప్పుడు 180కి మారాలి. గ్రిట్ అంకె పెరిగే కొద్దీ గరుకు తగ్గుతుంది. పల్చటి పొర మిగిలి ఉండగానే ఆపాలి. ఈ మిగల్చడమే పనిమంతుల గుర్తు.

చివరగా వేలి చుట్టూ చర్మానికి, క్యూటికిల్‌కి (గోటి మొదలు దగ్గరి పల్చటి చర్మం), వేలి కొస అడుగుకి పెట్రోలియం జెల్లీ దట్టంగా రాయాలి. గోటి మీద మాత్రం అంటకూడదు. అంటితే ఎసిటోన్‌కి అదే అడ్డుపడుతుంది.

నానబెట్టడం

దూది గోటంత ఉంటే చాలు. వేలంతా కప్పే పెద్ద దూది పెట్టి చుట్టడం అలవాటుగా చేస్తారు గానీ, దానివల్ల చర్మం తెల్లబారి మండటం తప్ప లాభం లేదు. దూది కారకుండా పూర్తిగా తడవాలి. వేలికొకటి చొప్పున సుమారు 10 సెం.మీ. చదరపు ఫాయిల్ ముక్కలు ముందే కోసి పెట్టుకోవాలి. ఫాయిల్‌ని కొస దగ్గర బిగించి మడవాలి, వదులుగా ఉంటే ఎసిటోన్ ఆవిరైపోయి దూది ఆరిపోతుంది. ఆరిన దూది కింద మెత్తబడిన యాక్రిలిక్ మళ్లీ గట్టిపడుతుంది. పది వేళ్లకీ కలిపి, మధ్యలో మళ్లీ తడపడానికి కూడా, 30-40 మి.లీ. సరిపోతుంది. గిన్నెలో వేళ్లు ముంచే పద్ధతికి ఇంతకు రెండు మూడింతలు కావాలి, వేళ్ల చర్మం మొత్తం నానుతుంది, గదిలో ఆవిరి ఎక్కువ. అయినా ఫాయిల్ చిరాకు అనుకునేవాళ్లు గిన్నె అడుగుతారు. అడిగితే పైన మూత లేదా తడి టవల్ కప్పాలి.

ఎసిటోన్ స్వచ్ఛమైనదై ఉండాలి. "ఎసిటోన్ ఫ్రీ" అని రాసిన రిమూవర్‌తో పాలిష్ పోతుంది, యాక్రిలిక్ కదలదు. నీళ్లు, గ్లిజరిన్ కలిపిన పాలిష్ రిమూవర్లకి రెట్టింపు సమయం పడుతుంది. పెయింట్ షాపులో దొరికే థిన్నర్ ఎసిటోన్ కాదు, అందులో టోలీన్ లాంటివి ఉంటాయి. దాన్ని చేతులకి తగిలించడమే తప్పు. పాత ముచ్చట ఒకటి: అమెరికాలో ఒకప్పుడు ఎసిటోనైట్రైల్‌తో చేసిన కృత్రిమ గోళ్ల రిమూవర్లు అమ్మేవాళ్లు. శరీరంలో అది సయనైడ్‌గా మారుతుంది. ఒక పసిబిడ్డ దాన్ని మింగి చనిపోయిన సంగతి 1988లో వైద్య పత్రికకెక్కింది. పేరు దగ్గరగా ఉందని రెండూ ఒకటి కావు. సీసా మీద రాసింది చదవాలని చెప్పడానికి ఇంతకంటే గట్టి కారణం అక్కర్లేదు.

వెచ్చదనం పనిని త్వరగా లాగుతుంది. ఫాయిల్ చుట్టిన చేతుల మీద గోరువెచ్చని టవల్ కప్పితే చాలు. గిన్నె పద్ధతి అయితే ఎసిటోన్ గిన్నెని వెచ్చటి నీళ్లున్న పెద్ద గిన్నెలో పెట్టాలి. ఎసిటోన్‌ని నేరుగా వేడి చేయడం, మైక్రోవేవ్‌లో పెట్టడం ఎవరూ ఎప్పుడూ చేయకూడదు. అది 56 డిగ్రీలకే మరుగుతుంది, దాని ఆవిరి మైనస్ 20 డిగ్రీల దగ్గర కూడా నిప్పు అంటుకుంటుంది.

15 నుంచి 20 నిమిషాలకి ఒక్క వేలి ఫాయిల్ విప్పాలి, ఒక్కటే. పదీ ఒకేసారి విప్పితే చివరి వేలు దగ్గరికి వచ్చేసరికి ఎసిటోన్ ఎగిరిపోయి మెత్తబడింది మళ్లీ బిగుసుకుంటుంది. చెక్కపుల్లతో క్యూటికిల్ వైపు నుంచి కొస వైపుకి, బరువు వేయకుండా తోయాలి. జిగురులా జారి వస్తే సరిగ్గా నానినట్టు. జారనిది నానలేదని అర్థం, ఇంకో 5 నుంచి 10 నిమిషాలు కొత్తగా తడిపి చుట్టాలి. ఈ తోయడానికి స్టీల్ పుషర్ వాడేవాళ్లు చాలామందే. నేర్పున్న చేతిలో, గోటికి దాదాపు సమాంతరంగా పడుకోబెట్టి వాడితే ప్రమాదం లేదు. సమస్యల్లా స్టీల్ పుషర్ నానని యాక్రిలిక్‌ని కూడా లేపగలదు. చెక్కపుల్ల లేపలేదు, విరిగిపోతుంది. చేతకానితనమే దాని సుగుణం.

కస్టమర్‌కి తెలియాల్సిన హద్దు ఒకటి ఉంది: తీసేటప్పుడు నొప్పి ఉండకూడదు. చల్లగా తగలొచ్చు, కాస్త చురుక్కుమనొచ్చు. లాగుతున్నట్టు, మండుతున్నట్టు అనిపిస్తే ఏదో తప్పు జరుగుతోంది. మన నగరాల్లో ఈ పనిలో ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చిన అమ్మాయిలు చాలామంది. మాటలు హిందీలో, సైగల్లో నడుస్తాయి. చెప్పడానికి మొహమాటపడి పళ్లబిగువున కూర్చునే కస్టమర్లే ఎక్కువ. చెయ్యి వెనక్కి తీసుకుంటే చాలు, ఏ భాషలోనైనా అర్థమవుతుంది.

డ్రిల్ ఉంటే ఎసిటోన్ ఎందుకని అడిగేవాళ్లకి

ఇది తేలిగ్గా కొట్టిపారేయలేని వాదన. అసలు ఎసిటోన్ తగలకుండా, మెషీన్‌తో మొత్తం తీసేవాళ్లు ఉన్నారు. చర్మం ఎండదు, ఆవిరి లేదు, ఇరవై నిమిషాల్లో పని అయిపోతుంది. నిజానికి మంచి చేయి చేతిలో డ్రిల్ ఫైల్ కంటే సున్నితం కూడా.

కానీ షరతులు చూడండి. పై మందం తీసే గరుకు కార్బైడ్ బిట్ (డ్రిల్ కొసన తిరిగే లోహపు ముక్క) యాక్రిలిక్ కోసం చేసింది. సొంత గోరు తగిలితే క్షణంలో లోయ తవ్వుతుంది. బిట్‌ని గోటికి సమాంతరంగా పట్టాలి, ఒకచోట ఆపకూడదు, బరువు వేయకూడదు. కొస మొనతో వంచి పట్టుకుంటే గోటి మొదలు దగ్గర వంపు గీతలా తవ్వేస్తుంది, తర్వాత అది ఎర్రగా, నొప్పిగా కనిపిస్తుంది. పై మందం తీయడానికి నిమిషానికి 10 నుంచి 15 వేల చుట్లు చాలు. మెషీన్ 35 వేలు ఇస్తుంది కదా అని పెంచితే రాపిడికి వేడి పుట్టి గోరు కింద చురుక్కుమంటుంది. అన్నిటికంటే కష్టం, తెల్లటి దుమ్ము కింద యాక్రిలిక్ ఎక్కడ ఆగి గోరు ఎక్కడ మొదలవుతుందో చూడటం. మాటిమాటికీ దుమ్ము తుడవాలి, ఒక చుక్క ఎసిటోనో ఆల్కహాలో రాసి చూడాలి.

నైపుణ్యం ఉన్నవాళ్లు కూడా డ్రిల్‌తో గోరుదాకా వెళ్లరు, పల్చటి పొర వదిలేస్తారు. అంటే ఎసిటోన్ లేని పద్ధతి కూడా చివరికి మిగల్చడం దగ్గరే ఆగుతుంది. ఎసిటోన్ వైపు నేను మొగ్గడానికి కారణం చిన్నది. అందులో పొరపాటు జరిగితే చర్మం రెండు రోజులు ఎండిపోతుంది. డ్రిల్‌లో పొరపాటు ఆరు నెలలు కనిపిస్తుంది. ఆరు వారాల కోర్సు చేసిన అమ్మాయి చేతికి ఏది ఇవ్వాలో అందులోనే ఉంది. మధ్యేమార్గం, అంటే పై మందం డ్రిల్‌తో, కింది పొర ఎసిటోన్‌తో తీయడం చాలా చోట్ల నడుస్తున్నదే, బాగానే నడుస్తుంది.

ఎసిటోన్ అంటే విషమని బెదిరేవాళ్లకి ఒక మాట. ఉపవాసం ఉన్నప్పుడు మన ఒంట్లోనే కొంచెం ఎసిటోన్ తయారవుతుంది, ఊపిరిలో బయటికి పోతుంది. అప్పుడప్పుడు వేళ్లకి అరగంట తగలడం వల్ల జరిగేది చర్మం, గోరు తాత్కాలికంగా నూనె, తడి కోల్పోవడం. కానీ దీన్ని అడ్డం పెట్టుకుని గదిలో గాలి సంగతి వదిలేయడం అన్యాయం. కస్టమర్‌కి అరగంట, టెక్నీషియన్‌కి రోజంతా.

గాలి, నిప్పు

అమెరికాలో పనిచోట్ల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా ఎసిటోన్ ఆవిరికి పెట్టిన హద్దు పది లక్షల భాగాల గాలికి 1,000 భాగాలు. అదే రంగంలో పరిశోధన చేసే మరో ప్రభుత్వ సంస్థ నియోష్ సిఫారసు చేసేది 250 మాత్రమే. మన ఏసీ స్టూడియోలో తలుపులు బిగించి, నాలుగు కుర్చీల్లో ఒకేసారి ఫాయిల్ చుట్టి కూర్చోబెడితే గాలి ఎలా ఉంటుందో కొలిచేవాళ్లు లేరు. తలనొప్పి, కళ్ల మంట, మత్తుగా అనిపించడం మొదటి సూచనలు. ఏసీ ఉన్న గాలినే తిప్పుతుంది, బయటికి పంపదు. ఎగ్జాస్ట్ కావాలి, అదీ బల్ల ఎత్తులోనో అంతకంటే కిందో గాలి లాగేలా ఉండాలి. ఎసిటోన్ ఆవిరి గాలికంటే రెండింతలు బరువు, కిందికి దిగుతుంది. పైకప్పు దగ్గర ఫ్యాన్ పెట్టి నిశ్చింతగా ఉండటం కుదరదు. సర్జికల్ మాస్కు ఆవిరిని ఆపదు, ఎన్95 కూడా ఆపదు. ఎన్95 పనికొచ్చేది ఫైలింగ్ దుమ్ముకి. నైట్రైల్ గ్లవ్స్ దుమ్ము నుంచి, అలర్జీ కలిగించే మోనోమర్ల నుంచి కాస్త కాపాడతాయి గానీ ఎసిటోన్ వాటిలోంచి త్వరలోనే చొచ్చుకొస్తుంది. తడిసిన వెంటనే మార్చాలి.

ఇక మన సెలూన్లకే ప్రత్యేకమైన ముప్పు. సాయంత్రం కాగానే కౌంటర్ పక్కన దేవుడి పటం ముందు దీపం, రెండు అగరువత్తులు. పక్క కుర్చీలో హెయిర్ స్ట్రెయిట్‌నర్, డ్రయర్. కింద బల్ల మీద మూత లేని ఎసిటోన్ సీసా. నేల మీద పాకే ఆవిరి నిప్పుని వెతుక్కుంటూ వెళ్లగలదు. దీపం మానమని ఎవరూ అనరు. ఎసిటోన్ పని ఆ మూల నుంచి వేరే గదికి మార్చడం, పంపు మూత ఉన్న డిస్పెన్సర్ వాడటం, తడి దూది, ఫాయిల్ మూత ఉన్న రేకు డబ్బాలో వేసి రాత్రికి బయట పారేయడం చాలు. మిగిలిన ఎసిటోన్‌ని సింక్‌లో ఒంపకూడదు. ఇంట్లో చేసుకునేవాళ్లకైతే వంటింట్లో, గ్యాస్ స్టవ్ దగ్గర అసలు వద్దు.

తీసిన తర్వాత రెండు వారాలు

మిగిలిన జిగట మరకని 240 గ్రిట్ బఫర్‌తో రెండు మూడు సార్లు తాకిస్తే చాలు. నున్నగా మెరిసేదాకా రుద్దితే మళ్లీ గోరే అరుగుతుంది. సబ్బుతో చేతులు కడిగించి, నూనె గోటికీ చుట్టూ చర్మానికీ పట్టించి, క్రీమ్ రాయాలి. ఎసిటోన్ వల్ల తెల్లగా కనిపించే పొడితనం నూనెతో పోతుంది. పోని తెల్లటి గరుకు మచ్చలు ఎసిటోన్‌వి కావు, పొరలు లేచిన చోట్లు. ఇంటికెళ్లే ముందు ఈ తేడా వెలుతురులో చూసుకోవాలి. తీసిన మొదటి రోజు గోళ్లు మెత్తగా వంగినట్టనిపిస్తే కంగారుపడక్కర్లేదు. వారాల తరబడి గట్టి పూతతో ఉన్న వేళ్లకి ఆ వంగే గుణం కొత్తగా తెలుస్తుంది. గోళ్లు పొట్టిగా ఉంచి, రోజుకి రెండుసార్లు నూనె రాసుకోవడం తప్ప పెద్ద వైద్యమేమీ లేదు.

బయోటిన్ మాత్రలు చాలామంది సొంతంగా మొదలుపెడతారు. గోళ్ల మాట ఎలా ఉన్నా, పెద్ద మోతాదులో బయోటిన్ థైరాయిడ్, గుండెకి సంబంధించిన ట్రోపోనిన్ లాంటి రక్త పరీక్షల ఫలితాల్ని తప్పుగా చూపించగలదని ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. పరీక్షకి వెళ్తే వేసుకుంటున్నామని డాక్టరుకి చెప్పాలి.

అంచులు లేచిన గోళ్లతో వారాల తరబడి ఉండటం మరో సంగతి. మనం చేత్తో కలుపుకుని తింటాం, గిన్నెలు తోముతాం. లేచిన అంచు కిందికి నీళ్లు, అన్నం మెతుకు చేరి తడి నిలిస్తే సూడోమోనాస్ బాక్టీరియా పెరిగి గోరు ఆకుపచ్చగా మారుతుంది. అలాంటి గోటికి కొత్త సెట్ వేసి మూసేయమని అడిగితే వేయకూడదు. తీసి, ఆరనిచ్చి, వాడిన ఫైల్, బఫర్ పారేయాలి.

అసలు చిక్కు, ధర

రిమూవల్‌కి డబ్బు అడిగితే కస్టమర్ పక్క షాపుకి పోతుందని యజమానుల భయం. భయం నిజమే, పోయేవాళ్లు పోతారు. ఇంకో వైపు, పెట్టడానికి వేలు ఖర్చుపెట్టి, తీయడానికి కొన్ని వందలు అడిగితే మోసమనుకునే కస్టమర్ ధోరణి కూడా ఉంది. ఏమీ జోడించకుండా తీసేసే పనికి డబ్బేమిటని వాళ్ల ప్రశ్న. గంటసేపు ఒక మనిషి కూర్చుని చేసే పని అది. చీర మీద జరీ వేసినవాళ్లకే కాదు, మరక తీసేవాళ్లకి కూడా కూలి ఇస్తాం.

దీనికి నాకు కనిపించే సర్దుబాటు, తీయడం ధరని సెట్ ధరలో కలపకుండా, కలిపినట్టు దాచకుండా, పెట్టే రోజే చెప్పడం. "ఇది తీయించుకోవడానికి గంట పడుతుంది, ఇంత అవుతుంది, ఇంట్లో పీకొద్దు" అని ఆ రోజే అంటే కస్టమర్ ఆ గంటని కూడా లెక్కలో వేసుకుంటుంది. పెళ్లికి వారం ముందు వేయించుకుని, రిసెప్షన్ అయిన మూడో రోజుకి ఆఫీసు కోసం తీయించుకోవాలనుకునే అమ్మాయికి యాక్రిలిక్ బదులు ప్రెస్-ఆన్ గోళ్లు (ముందే తయారుచేసి, పైన అతికించుకునేవి) సరిపోతాయని చెప్పగలగడం కూడా ఇందులో భాగమే. ఆ మాట చెప్తే ఒక సెట్ అమ్మకం పోతుంది. చెప్పే స్టూడియోలు ఉన్నాయి, తక్కువ.

మొత్తం తీయించుకోవడమే అవసరమా అన్నది కూడా అడగాలి. మళ్లీ యాక్రిలిక్కే వేయించుకునేవాళ్లకి, అంచులు లేవకుండా ఉంటే, రెండు మూడు వారాలకోసారి రీఫిల్ చాలు. మొదలు దగ్గర పెరిగిన ఖాళీ నింపి పైన సమం చేస్తారు, ఎసిటోన్ అక్కర్లేదు. ప్రతిసారీ మొత్తం తీసి మళ్లీ వేయడం "ఫ్రీ రిమూవల్" బోర్డు పెట్టినవాళ్లకి లాభం, ఎందుకంటే ఫుల్ సెట్ రేటు రీఫిల్ కంటే ఎక్కువ.

ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు ఒక్క ప్రశ్న సరిపోతుంది: "యాక్రిలిక్ తీయడానికి ఎంతసేపు పడుతుంది?" పావుగంట అంటే ఫోన్ పెట్టేయొచ్చు. "ముందు చూడాలి మేడమ్, గంట ఉంచుకోండి" అంటే రేటు అడగండి.